జోడు పెట్టె

రాజమండ్రి,
ఫిబ్రవరి 9

వదినా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పోనీ మెసేజ్ పెడితే రెండు గీతలు పడతాయి గానీ నీలం అవ్వవు. తేజుకి చేస్తే "మమ్మీ ఠీక్ హై చాచూ, బస్ బాత్ నహీఁ కర్ రహీ" అంటుంది, బాగానే ఉన్నావట గానీ మాట్లాడ్డం లేదట. బాబాయ్ అనవే తల్లీ అని దాని బారసాల నాటినుంచీ మొత్తుకుంటున్నాను. అంచేత ఇలా కాగితం మీద పడ్డాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. చూసుకోనీ.

పెద్దకర్మ అయ్యాక నేను స్టేషనుకి బయల్దేరుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి "గ్యాస్ వాడు వచ్చిండా?" అని తేజుని అడిగావు. నాతో ఒక్క మాట లేదు. తప్పు పట్టడం లేదు వదినా, నువ్వలా రాయిలా ఉంటే నాకు భయం వేసింది, అంతే. ఏమైనా తింటున్నావా?

ఇక తుపాకీ సంగతి. విని విని నీ చెవులు తూట్లు పడ్డాయని తెలుసు. అయినా చెప్పనీ, చెప్పకపోతే నాకు తోచదు. అన్నయ్య మిలిటరీలో ఆయుధ డిపోల్లో పనిచేసినన్నాళ్ళూ ఎన్ని తుపాకులు చూశాడో, రిటైరయ్యాక మాత్రం ఆ ఒక్కదాని వెంటే పడ్డాడు. వందేళ్ళ కిందట దొరలు వేటకని జోడు చేయించుకునేవారు. అచ్చం ఒకేలాంటి రెండు తుపాకులు, ఒకే చెట్టు చెక్క, ఒకే పనివాడి చెయ్యి. గొట్టాల మధ్య పట్టీ మీద బంగారంతో ఒకదానికి 1, ఇంకోదానికి 2. రెంటికీ కలిపి ఒక పెట్టె. ఓకు చెక్క, పైన తోలు, మూలలకి ఇత్తడి, లోపల ఆకుపచ్చ బనాతు గుడ్డ. అన్నయ్యకి దొరికింది పెట్టే, ఒకటో నంబరూ. రెండోది పడుకోవాల్సిన గుంట అప్పట్నుంచీ ఖాళీ. మనిషికి రెండు తుపాకులే అని చట్టం మారినప్పుడు మిగతావన్నీ ఇచ్చేసి, ఈ ఒక్కటీ ఉంచుకుని, "రెండోదానికి బెర్తు రిజర్వు చేయించాన్రా హేమూ" అన్నాడు. తుపాకులు పోయినా వాటి పెట్టెలు మాత్రం ఇవ్వలేదు, పెట్టెకి లైసెన్సు అక్కర్లేదు కదా! నీ ఇల్లంతా ఖాళీ పెట్టెలే. పాపం నువ్వు.

ఆ తుపాకీ ఏం చేశావు? లైసెన్సున్న మనిషి పోతే అది ఇంట్లో ఉండకూడదు. పెట్టె మాత్రం ఎవరికీ ఇవ్వకు.

ఇంకొకటి. నేను విమానం దిగేసరికే అంతా అయిపోయింది. ఆఖర్న నువ్వే ఉన్నావు పక్కన. అన్నయ్య ఏమన్నా అన్నాడా?

నీ మరిది,
హేమసుందర్


ద్వారక, ఢిల్లీ
ఫిబ్రవరి 21

హేమూ,

ఉత్తరం అందింది. మంచిగనే ఉన్న. తింటున్న. నిద్ర పడుతున్నది. అందరు అడిగేది ఇదే కాబట్టి ముందే రాసిన.

తుపాకి ఇంట్ల లేదు. పోయిన నెలనే కశ్మీరీ గేట్ కాడ తుపాకుల దుకాణంల జమ చేసినం. మెట్రోల పోదామన్న నేను. తుపాకి పట్టుకొని మెట్రోనా అని తేజు నవ్వింది. వాళ్ళ నాయన పోయినంక అది నవ్వింది గప్పుడే. నాకు నవ్వు రాలే, కోపం గూడ రాలే. దుకాణం సర్దార్జీకి మీ అన్న మంచిగ ఎరుక. చాయ్ తెప్పిచ్చిండు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను గోడ మీది క్యాలెండర్ చూసుకుంట కూసున్న. వారసులు ఎవరన్నది ఎండకాలం అయ్యేలోపల చెప్పాలట. చెప్పకుంటే పోలీసుల మాల్ఖానాకు పంపుతరు. అక్కడ పడ్డవాటిని ఎప్పుడో ఒకప్పుడు కరిగిస్తరట. సరే అన్న.

పెట్టె దివాన్ కింద ఉన్నది. నేను తెరవలే.

ఆ దినం గడబిడల ఆయన చష్మా ఎక్కడ పడిపోయిందో దొరకలే. అంబులెన్సుల పడ్డదేమోనని తేజు ఆసుపత్రోళ్ళను గూడ అడిగింది. కండ్లకు చష్మా లేకుంట ఆయన మొహం నేనెప్పుడు చూసిన చెప్పు, నిద్రల తప్ప? చివరికి చష్మా లేకుంటనే పంపినం. ఎవరో ఎరుకున్నాయన పోతే చూడనీకి పోయినట్టు ఉండె నాకు. కంట్ల నీళ్ళు రాలేదని మా సొసైటీ ఆంటీలు గుసగుసలు పెట్టిన్రు. రాకపోతే ఏం జెయ్యాలె.

ఆఖరుకు ఏమన్నడు అని అడిగినవు. అందరు ఫోన్ చేసి అదే అడుగుతున్నరు. హనుమకొండ నుంచి మా అక్క కమలాకుమారి అయితే రోజుకొకసారి అడుగుతది, నేను నిన్న చెప్పకపోతే ఇవాళ చెప్తనేమో అన్నట్టు. అందుకే ఫోన్ ఎత్తుత లేను.

వదిన


రాజమండ్రి,
మార్చి 6

వదినా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

దొరికింది! జోడు దొరికింది! పెద్దాపురంలో వెంకటసుబ్బయ్యగారని ముసలి లాయరు. ఆయన తాతగారికి ఎవరో జమీందారు వేటలో ముచ్చటపడి బహుమానంగా ఇచ్చాట్ట. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పిన కుర్రాడొకడు ఆయన దగ్గర జూనియరు, వాడి ద్వారా కూపీ లాగి, నిన్న బస్సెక్కి వెళ్ళాను. ఆయన తలుపు తీసి ముందు నా చెప్పుల వంక చూశాడు, తర్వాత నన్ను చూశాడు. గంటసేపు నా చేత అన్నయ్య గురించి చెప్పించుకుని, అప్పుడు లోపలికెళ్ళి తెచ్చాడు. గొట్టాల మధ్య పట్టీ మీద బంగారపు రెండు. అంకె తోక కొంచెం అరిగింది. అచ్చం మన ఒకటో నంబరు కవల పిల్ల. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది.

లాయరుగారు ఇవ్వనూ అనడు, ఇస్తాననీ అనడు. "పెట్టె ఉన్నచోటికి తుపాకీ వెళ్ళడం న్యాయం. కానీ అది దీని పెట్టే అని రుజువేది?" అంటాడు, కోర్టులో అడిగినట్టు. ఆయన తుపాకీ గొట్టాలు ముప్పై అంగుళాలు. మన పెట్టెలో ఖాళీ గుంట కూడా అంతే ఉంటే ఒప్పుకుంటాడట. కాబట్టి నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. పెట్టె తియ్యి, టేపు పెట్టి ఆ గుంట కొలువు, నాకు రాయి. అంతే.

టేపు అంటే బట్టలు కుట్టేదే. నేనేదో అంటాను, నువ్వింకేదో తెస్తావు, అందుకని చెప్తున్నా. ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లో, నీ కొత్త కాపురంలో, అమ్మ ఆనపకాయ తెమ్మంటే నువ్వు సంచీ నిండా చిక్కుడుకాయల్లాంటివి తెచ్చావు, జ్ఞాపకం ఉందా? "అనపకాయలే కదా అత్తమ్మా ఇవి?" అని నువ్వు, "రామరామ, మీ వరంగల్లులో సొరకాయని ఏమంటారే" అని అమ్మ. అన్నయ్య మధ్యలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత అన్నయ్య సగం నీ భాష మాట్లాడ్డం, సగం హిందీ మాట్లాడ్డం మొదలెట్టాడు. అమ్మ ఎంత ఉడుక్కుందో.

కొలువు వదినా. వెంటనే.

హేము


ద్వారక
మార్చి 19

హేమూ,

సంతోషం. దొరికిందంటే మంచిదే. నాకు గూడ సంతోషం కావాలె అని అనుకున్న, ఉత్తరం పట్టుకొని బాల్కనీల నిలబడి చూసిన. కాలే.

కొలువలే.

నీకు ఆ దినం సంగతి ఎవరు సరిగ్గ చెప్పలే. చెప్త. పొద్దుగాల టిఫిన్ అయినంక మైదా జిగురు ఉడకబెట్టుమన్నడు. ఆ ఖాళీ గుంటల బనాతు పురుగు తిన్నదట, కొత్తది అతికిస్తనన్నడు. లేని తుపాకికి పక్కబట్టలెందుకు అన్న నేను. తుపాకిని తీసి బీరువల పెట్టి, పెట్టె నేల మీద పరుచుకొని, ముందుకు వంగి పని చేసుకుంటున్నడు. నేను వంటింట్ల ఉన్న. "సుభా" అని పిలిచిండు. బియ్యం కడుగుతున్న, వస్తున్న అన్న. నేను పోయేసరికి పక్కకు ఒరిగిండు. పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చి ఎత్తిన్రు. వాళ్ళ కాళ్ళకు అడ్డమొస్తున్నదని నేనే పెట్టె మూసి దివాన్ కిందికి నెట్టిన. అందుకే తెరవబుద్ధి అయితలేదు. భయం కాదు. ఏం లేదు, చెయ్యి పోతలేదు.

ఇగ నువ్వు అడిగినదానికి జవాబు. ఎట్లనో చెప్పాలె గద ఎవరికన్న ఒకరికి.

ఐసియుల తెల్లారి తెలివి వచ్చింది ఆయనకు. నన్ను లోపలికి పంపిన్రు. పక్కన నిలబడ్డ. చెయ్యి పట్టుకున్న. ఏమంటడో అని చూస్తున్న. తుపాకి అడిగిండు హేమూ. నేనెట్లున్ననో అడగలే, తేజు వచ్చిందా అనలే. తుపాకి అడిగిండు. ఇన్నేండ్ల కాపురం చేసినంక.

మా అక్కకు ఇది ఎట్ల చెప్పాలె? సొసైటీ ఆంటీలకు ఎట్ల చెప్పాలె? ఫోన్ మోగుతుంటే చూసుకుంట కూసుంట.

తేజు గుర్గావ్ నుంచి ఎవరో ఇంటీరియర్ అమ్మాయిని మాట్లాడింది. పెట్టెలన్నీ తీస్కపోయి, కాళ్ళు పెట్టి, అద్దం పరిచి, కాఫీ టేబుళ్ళు చేస్తదట. పెద్ద పెద్ద ఇండ్లల్ల అవే ఫ్యాషన్ అట. తీస్కపో అన్న.

వదిన


రాజమండ్రి,
మార్చి 30

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు బాధపడ్డావు, నాకర్థమైంది. కానీ ఇంకో పక్కనుంచి చూడు. ఆఖరి క్షణంలో కూడా అన్నయ్యకి అదే ధ్యాస అంటే, అది ఎంత కోరికో చూడు! అది తీర్చకుండా ఎలా ఊరుకుంటాం? ఆ గుంట నిండితే గానీ వాడి ఆత్మ శాంతించదు. ఇదే మాట వెంకటసుబ్బయ్యగారితో కూడా అన్నాను. "ఆఖరి మాట అదేనా?" అని ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయనకి గుండె కరిగింది వదినా. కొలత వస్తే చాలు, కాగితాలు తనే చూసుకుంటానన్నాడు. ఒకటో నంబరు నా పేరు మీదికి వారసత్వంగా మార్పించడం కూడా.

కాఫీ టేబుళ్ళా! దాని మీద ఎవడో కప్పు పెడితే మరక పడుతుంది, తెలుసా? అన్నయ్య ఆ తోలుకి పసిపిల్లకి నలుగు పెట్టినట్టు నూనె రాసేవాడు. తేజు పిల్ల, దానికేం తెలుసు. నువ్వెలా ఒప్పుకున్నావు?

దయచేసి కొలువు. ఐదు నిమిషాల పని. అన్నయ్య కోసం.

హేము


ద్వారక
ఏప్రిల్ 11

హేమసుందర్,

ఎవరినడిగి చెప్పినవు ఆ లాయరుకు? నేను మా అక్కకు చెప్పలే, బిడ్డకు చెప్పలే. నీకు రాస్తే నువ్వు పోయి పెద్దాపురంల చెప్పుకున్నవు.

అన్న కోసం అన్న కోసం అంటవు. నేనెవరి కోసం ఉంటిని మరి ఆడ?

మీ అన్నదమ్ములకు తుపాకులే చుట్టాలు. ఆ పెట్టె గూడ పోతది. వచ్చే వారం ఆ అమ్మాయి టెంపో పంపిస్తదట. ఇగ దీని గురించి రాయకు.

సుభాషిణి


రాజమండ్రి,
ఏప్రిల్ 17

వదినా,

రాయకు అన్నావు. ఒక్కసారి రాసి ఆపేస్తాను. స్పీడు పోస్టులో వేస్తున్నాను, టెంపో కన్నా ముందు అందాలి.

లాయరుగారికి చెప్పడం తప్పే. నోరు జారింది. ఏమనుకోకు అనడానికి కూడా మొహం లేదు.

నా సంగతి చెప్తాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య ఫోన్ చేసేవాడు. "ఏరా, జోడు దొరికిందా?" అనేవాడు. "ఎక్కడన్నయ్యా" అనేవాణ్ణి. ఆ తర్వాత ఒక అరగంట ఫలానా ఎస్టేటు, ఫలానా వేలం. ఇరవై ఏళ్ళు మేం మాట్లాడుకుంది అదే. మా ఆవిడ పోయినప్పుడు కూడా, పదిరోజులయ్యాక, ఆదివారం ఫోన్ చేసి "ఏరా, జోడు దొరికిందా" అన్నాడు. వాడికి ఇంకోలా అడగడం రాదు. నాకు ఏడుపొచ్చింది, అన్నయ్య ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉన్నాడు అటువైపు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం నాకేం చెయ్యాలో తోచదు. అందుకే ఆ తుపాకీ పట్టుకుని వేలాడుతున్నాను. అంతకు మించి ఏం లేదు. నీ మీద దబాయించింది ఆ తోచనితనమే.

పెట్టె ఇచ్చేసే ముందు ఒక్కసారి తెరిచి కొలువు. ఇవ్వాలనిపిస్తే ఆ తర్వాత ఇచ్చెయ్యి. నేను ఇంకేం అనను.

హేము


ద్వారక
ఏప్రిల్ 26

హేమూ,

మీ ఆవిడ పోయినప్పుడు ఆయన నీకు ఫోన్ చేసిన సంగతి నాకు తెల్వదు. ఆయన చెప్పలే.

టెంపో వచ్చింది. ఆ అమ్మాయి మంచిదే, చెప్పులిప్పి లోపలికొచ్చింది. మిగతా పెట్టెలన్నీ తీసుకపోయింది. అవి ఉన్నచోట గోడ మీద రంగు వేరే ఉన్నది, గంతే తేడా. ఆఖరుకు దివాన్ కింద చూసి, "ఆంటీ, యే వాలా భీ?" అన్నది, ఇది గూడనా అని. జర ఆగు బేటా, కొలిచేది ఉన్నది అన్న. కుట్టుమిషన్ల నుంచి టేపు తెచ్చుకొని నేల మీద కూసున్న.

గొళ్ళెం కాడ జిగురు ఎండి పట్టుకున్నది. చెంచా పెట్టి లేపిన. లోపల అదే నూనె వాసన. ఖాళీ గుంటల సగం వరకు కొత్త బనాతు అతికిచ్చి ఉన్నది, సగం పాతది అట్లనే. ఆ కొత్త బనాతు మీద ఆయన చష్మా ఉన్నది.

కాళ్ళు మడిచి, మంచిగ పెట్టి ఉన్నది. ఎడమ అద్దం మీద జిగురు వేలిముద్ర. దగ్గరి పని అంటే చష్మా తీసి పక్కన పెట్టి కండ్లు దగ్గరికి పెట్టి చేసుకునేటోడు గద, గట్లనే తీసి పెట్టినట్టున్నడు. నేనే దాని మీద మూత వేసి నెట్టిన. ఇల్లంత వెతికినం. దాని మీదనే నాలుగు నెలలు పండుకున్న.

ఆ అమ్మాయిని పంపిచ్చేసిన. పెట్టె ఇయ్యలే.

గుంట ముప్పై అంగుళాలు. నువ్వు అడిగినవని కొలిచిన.

ఒకటి సరిచెయ్యాలె. నువ్వు ఆయన ఆఖరి మాట అని లాయరుకు చెప్పినవు, నీ మనసుల గూడ అదే పెట్టుకున్నవు. తప్పు ఉండద్దు. ఆయన తుపాకి అనలే. నేనే గట్ల రాసిన, ఎందుకంటే మీ ఇద్దరి నోట ఇరవై ఏండ్లు విన్న మాట అది. "జోడేదీ?" అన్నడు. నేను వినపడనట్టు ఉన్న. చెయ్యి ఎత్తి మొహం కాడికి తెచ్చుకున్నడు. ఆక్సిజన్ మాస్కు గుచ్చుకుంటున్నదేమో అని నేను చెయ్యి కిందికి పెట్టిన. "సుభా, జోడు" అన్నడు మళ్ళ. ఇప్పుడు గూడ అదేనా అనిపించింది నాకు. "దొరకలే మీ జోడు" అన్న. "దొరకలేదా?" అన్నడు. "దొరకదు, ఇగ పండుకోండి" అన్న. సరే అన్నట్టు తల ఊపిండు. గోడ దిక్కు తిరిగిండు.

నేను విసుక్కుంటనే అన్న ఆ మాట. అది గూడ రాయాలె కద.

వదిన


రాజమండ్రి,
మే 2

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఫోన్ చేస్తే నువ్వెత్తవు, ఎత్తినా ఇది నా నోటితో చెప్పలేను.

మా ఇంట్లో జోడు అంటే కళ్ళద్దాలు.

కళ్ళజోడు అంటే నీకూ తెలిసేది. ఒట్టి జోడు అనడం మా ఇంటి వాడుక. నాన్నకి అది లేకపోతే చేతికందే దూరంలో మనిషి కూడా అలికేసినట్టుండేవాడు. పొద్దున్న లేవగానే "నా జోడేదిరా" అని అరిచేవాడు. అన్నయ్యా నేనూ మంచం కింద, బావి గట్టున, పుస్తకాల సందున వెతికేవాళ్ళం. దొరికిందంటే తెచ్చి పెట్టడం అన్నయ్య పనే. నాన్న పెట్టుకుని ముందు వాడి మొహం చూసి "నువ్వట్రా" అనేవాడు, రోజూ, కొత్తగా చూసినట్టు. అన్నయ్యకి నాన్న కళ్ళే వచ్చాయి. ఢిల్లీ వెళ్ళాక, మీరంతా చష్మా అంటుంటే వాడూ చష్మా అనడం మొదలెట్టాడు. నాతో కూడా చష్మాయే. మా మధ్య జోడు అంటే తుపాకీ అయిపోయింది. ఆ పాత మాట నేను కూడా మర్చిపోయాను వదినా, నువ్వు అన్నయ్య మాటని యథాతథంగా రాసేదాకా. చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు అని చదివాక కాగితం పక్కన పెట్టేశాను.

అన్నయ్య తుపాకీ అడగలేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎవరో మసగ్గా ఉన్నారు. చెయ్యి పట్టుకున్నారు. అది నువ్వే అని వాడికి తెలుసు, సుభా అని పిలిచాడుగా. చూద్దామనుకున్నాడు.

నువ్వు చెప్పినదాంట్లో నీ తప్పు లేదు. ఆ మాటకి ఆ అర్థం నీకెవరూ చెప్పలేదు. మేమే చెప్పలేదు.

పెద్దాపురం నేనింక వెళ్ళను.

హేము


ద్వారక
మే 10

హేమూ,

నీ ఉత్తరం వచ్చినాడు తేజు సాకేత్ ఆఫీసు నుంచి ఇంకా రాలే. ఒక్కదాన్నే ఉన్న. చదివి మడిచి పెట్టిన. కుక్కర్ పెట్టిన. పప్పు తాలింపు పెట్టిన. రెండోసారి చదవలే, అక్కర లేకుండె.

పెద్దాపురం పో. ఎందుకు పోవు? కొలత సరిపోయింది కద. ఒకటో నంబరు నీ పేరు మీదికి రాసిస్తనని సర్దార్జీకి చెప్పిన. ఆయన "శుకర్ హై బెహన్‌జీ" అని పైకి దండం పెట్టి మళ్ళ చాయ్ తెప్పిచ్చిండు, ఈసారి తాగిన. మిగిలిన సగం గుంటకు బనాతు నేను అతికిచ్చిన. మైదా జిగురే. అంచులు జర వంకర వచ్చినయి, మీ అన్న చూస్తే మొత్తం పీకి మళ్ళ అతికించెటోడు. పెట్టె రైల్వే పార్సిల్ల పంపుత. రెండు తుపాకులు దాంట్ల పెట్టుకో. ఆదివారం మధ్యాహ్నం తీసి తుడుచుకో. నీకు ఆ పని కావాలె.

చష్మా నా కాడనే ఉంటది.

నిన్న దాన్ని పెట్టుకొని చూసిన. జిగురు ముద్ర తుడవలే, అట్లనే పెట్టుకున్న. గది అంత అలుక్కపోయింది. అద్దం ముందరికి పోయి నిలబడ్డ. ఎవరో ఆడమనిషి నిలబడ్డట్టు ఉన్నది, అంతే. కండ్లు లేవు, నోరు లేదు. ఆ దినం ఆయనకు నేను గట్లనే కనపడి ఉంట. ఆ మొహం లేని మనిషి "దొరకలే, దొరకదు" అన్నది. అయినా తల ఊపిండు.

తేజు వచ్చేవరకు అద్దం ముందరనే ఉన్న. "మమ్మీ, పాపా కా చష్మా!" అన్నది. దాని మొహం గూడ కనపడలే నాకు. పట్టుకొని ఏడ్చిన. అది గూడ ఏడ్చింది. "మమ్మీ, పాపా నే క్యా కహా థా?" అని అడిగింది, నాయన ఏమన్నడని ఇన్ని నెలల నుంచి అడగని పిల్ల. చెప్పిన. జోడు అంటే ఏందో గూడ తెలుగులనే చెప్పిన. "జోడు" అని రెండుసార్లు అని చూసుకున్నది.

ఈ ఉత్తరం అందినంక వచ్చే ఆదివారం, భోజనాలైనంక ఫోన్ చెయ్యి, ఎత్తుత. ఆఖరుకు ఏమన్నడు అని అడుగు. చెప్త.

నీ వదిన,
సుభాషిణి